పాలసీ ఒకటే అయినా సిస్టమ్‌కో తీరు: గ్రూప్ పాలసీ సెట్టింగ్‌లను పోల్చి చూసే పద్ధతి

రెండు కౌంటర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకే మోడల్ సిస్టమ్‌లు, యాక్టివ్ డైరెక్టరీలో ఒకే ఓయూ (సిస్టమ్‌లను, యూజర్‌లను కలిపి పెట్టే విభాగం). మొదటిది పదిహేను నిమిషాలు ముట్టుకోకపోతే లాక్ అయిపోతుంది. రెండోది మనిషి భోజనానికి వెళ్లొచ్చేదాకా బార్లా తెరిచే ఉంటుంది. నేను పనిచేసిన ఒక సంస్థలో ఆడిటర్ వచ్చి సరిగ్గా ఆ రెండో కౌంటర్ దగ్గరే నిలబడ్డాడు. "పాలసీ పెట్టాం సార్" అంటూ నా లాప్‌టాప్‌లో కన్సోల్ తెరిచి చూపించాను. ఆయన కన్సోల్ వంక చూడలేదు, కౌంటర్ వంకే చూశాడు.

గ్రూప్ పాలసీలో, అంటే డొమైన్‌లోని సిస్టమ్‌లకు ఒకే చోటి నుంచి సెట్టింగ్‌లు పంపే ఏర్పాటులో, మనం రాసింది వేరు, సిస్టమ్‌కు చేరింది వేరు, అక్కడ నిజంగా అమలవుతున్నది వేరు. మూడూ ఒకటే అనుకుని పోల్చడం మొదలుపెడితే రెండు రోజులు కూర్చున్నా పని తెమలదు. అందుకే ఈ మార్గదర్శి మొత్తం ఆ మూడింటి వరుసలోనే నడుస్తుంది. విండోస్ డొమైన్ చూసుకునే అడ్మిన్‌ల కోసం రాస్తున్నాను కాబట్టి ఓయూ, జీపీఓ (గ్రూప్ పాలసీ సెట్టింగ్‌ల మూట) గురించి పెద్ద పాఠాలు ఉండవు. కమాండ్‌లను పలికే తీరులోనే రాశాను, మీరు టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్‌లోనే కొట్టండి.

ముందు ప్రశ్న ఏమిటో కాగితం మీద పెట్టండి

"పాలసీలు కంపేర్ చేయి" అని మేనేజర్ చెప్పడం తేలిక. దేన్ని దేనితో అన్నది మాత్రం మనమే తేల్చుకోవాలి. రెండు జీపీఓలను కలిపి ఒకటి చేయాలనుకుంటే రాసినదాన్ని రాసినదానితో పోల్చాలి. ఒక సిస్టమ్‌లో పనిచేసి ఇంకో దాంట్లో పనిచేయకపోతే చేరినదాన్ని చేరినదానితో పోల్చాలి. మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ బేస్‌లైన్‌కు (వాళ్లు సిఫారసు చేసే సెట్టింగ్‌ల జాబితాకు) మనం ఎంత దూరంలో ఉన్నామో చూడాలంటే మొదట రాసినవీ, ఆ తర్వాత అమలైనవీ చూడాలి. పోయిన నెలకూ ఈ నెలకూ మధ్య ఎవరో ఏదో మార్చారన్న అనుమానం ఉంటే పాత కాపీ కావాలి. అది లేకపోతే ఆ ప్రశ్నకు జవాబే లేదు. పని ఒత్తిడిలో అందరం వదిలేసేది ఆ కాపీనే.

పరికరాలు సిద్ధం చేసుకోండి

గ్రూప్ పాలసీ మేనేజ్‌మెంట్ కన్సోల్ మీ సిస్టమ్‌లోనే ఉండాలి. పోల్చి చూడటానికి డొమైన్ కంట్రోలర్‌లోకి (డీసీ, డొమైన్‌ను నడిపే సర్వర్) లాగిన్ అవ్వాల్సిన పని లేదు. అది మంచి అలవాటు కూడా కాదు. విండోస్ 10లో 2018 అక్టోబర్ అప్‌డేట్ నుంచి ఈ అడ్మిన్ పరికరాలను ఆప్షనల్ ఫీచర్స్‌లో నుంచే పెట్టుకోవచ్చు, ప్రొఫెషనల్ లేదా ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ అయితే చాలు. దీనితోపాటు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సెక్యూరిటీ కంప్లయన్స్ టూల్‌కిట్ దించుకోండి. అందులో మనకు కావలసింది పాలసీ ఎనలైజర్. బేస్‌లైన్‌లు కూడా అక్కడే విడివిడి జిప్ ఫైళ్లుగా దొరుకుతాయి.

కాపీలు తీసేముందు డీసీలు ఒకే మాట చెబుతున్నాయా?

విండోస్ 2000తో వచ్చినప్పటి నుంచీ ప్రతి జీపీఓ రెండు చోట్ల సగం సగంగా బతుకుతోంది. ఒక సగం యాక్టివ్ డైరెక్టరీలో ఉంటుంది, రెండో సగం సిస్‌వాల్ ఫోల్డర్‌లో ఫైళ్లుగా ఉంటుంది. రెండూ వేర్వేరు దారుల్లో డీసీల మధ్య ప్రయాణం చేస్తాయి. ఒక దారి మూసుకుపోతే ఒక డీసీలో కొత్త పాలసీ, ఇంకో డీసీలో పాత పాలసీ ఉండిపోతుంది. కన్సోల్ మామూలుగా పీడీసీ ఎమ్యులేటర్ పాత్రలో ఉన్న డీసీని చూపిస్తుంది. బ్రాంచిలోని సిస్టమ్ మాత్రం దాని దగ్గరి డీసీ నుంచి తీసుకుంటుంది. మీరు చూసే పుస్తకం ఒకటి, అది చదివే పుస్తకం ఇంకొకటి.

సర్వర్ 2012 నుంచి కన్సోల్‌లో డొమైన్ పేరు మీద నొక్కితే స్టేటస్ అనే ట్యాబ్ ఉంటుంది. డిటెక్ట్ నౌ నొక్కండి. ఏ డీసీ వెనకబడిందో అక్కడే కనిపిస్తుంది.

ఒకే జీపీఓ మీద అనుమానం ఉంటే ఇంకా దగ్గరగా చూడొచ్చు. సిస్‌వాల్‌లో ఆ జీపీఓ ఫోల్డర్ తెరిస్తే జీపీటీ డాట్ ఐఎన్ఐ అనే చిన్న ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరవండి. వెర్షన్ అని ఉండి పక్కన 196613 లాంటి ఒక పెద్ద సంఖ్య కనిపిస్తుంది. చూసి కంగారు పడొద్దు. దాన్ని 65536తో భాగించండి. భాగఫలం 3, శేషం 5 వస్తాయి. అంటే యూజర్ భాగాన్ని మూడుసార్లు, కంప్యూటర్ భాగాన్ని ఐదుసార్లు మార్చినట్టు లెక్క. ఇదే సంఖ్య యాక్టివ్ డైరెక్టరీలో కూడా ఉండాలి, అన్ని డీసీల్లోనూ ఉండాలి. ఎక్కడైనా తేడా ఉంటే సెట్టింగ్‌లు పోల్చడం ఆపి ముందు రెప్లికేషన్ (డీసీల మధ్య కాపీ అయ్యే పని) సంగతి చూడండి. అది సరికాకుండా తీసిన ఏ రిపోర్టూ నమ్మదగ్గది కాదు.

రాసిన వాటికి కాపీ తీయండి

పవర్‌షెల్‌లో రెండు పనులు చేయండి. మొదటిది బ్యాకప్-జీపీఓ కమాండ్‌కు ఆల్ అనే స్విచ్ ఇచ్చి, తేదీ పేరుతో ఉన్న ఖాళీ ఫోల్డర్‌లోకి మొత్తం బ్యాకప్. రెండోది గెట్-జీపీఓరిపోర్ట్ కమాండ్‌తో ఒక్కో జీపీఓకు ఒక్కో ఎక్స్‌ఎంఎల్ ఫైలు. అన్నీ కలిపి ఒకే పెద్ద ఫైలుగా కూడా తీయొచ్చు కానీ తర్వాత దాన్ని చదవడం నరకం.

బ్యాకప్‌ను తిరిగి పెట్టినప్పుడు సెట్టింగ్‌లు, పర్మిషన్‌లు వస్తాయి, ఏ ఓయూకు లింక్ చేశామన్నది మాత్రం రాదు. కాబట్టి లింకుల సంగతి విడిగా రాసిపెట్టుకోవాలి. ఎక్స్‌ఎంఎల్ రిపోర్టులో ప్రతి లింకు దారి, అది ఆన్‌లో ఉందా, ఎన్‌ఫోర్స్డ్ (కింది ఓయూలు కాదనలేని లింకు) పెట్టారా అన్నవి ఉంటాయి. ఓయూ వైపు నుంచి చూడాలంటే గెట్-జీపీఇన్‌హెరిటెన్స్ వాడండి. లింకుల వరుసా, బ్లాక్ ఇన్‌హెరిటెన్స్ (పై నుంచి వచ్చే పాలసీలను ఆపడం) ఉందో లేదో అందులో తెలుస్తాయి. రెండు ఓయూల్లో జీపీఓలన్నీ అక్షరం పొల్లు పోకుండా ఒకటే అయి, లింకు వరుస మాత్రం తారుమారైన సందర్భాలు చాలా చూశాను.

ఇప్పుడు రెండు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ లాంటి దాంట్లో పక్కపక్కన పెట్టి తేడాలు చూడాలనిపిస్తుంది. చూడొచ్చు, కానీ మొదటిసారి తెర నిండా రంగులే. రిపోర్ట్ చదివిన సమయం ఫైల్లో ప్రతిసారీ మారుతుంది. క్యూ1, క్యూ2 అంటూ ట్యాగుల ముందు వచ్చే గుర్తులు కూడా ఫైలుకో రకంగా ఉంటాయి. అవి సెట్టింగ్‌లు కావు, వాటి జోలికి వెళ్లకండి. ఒకే జీపీఓ పాత కాపీనీ కొత్త కాపీనీ పోల్చడానికైతే ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. వేర్వేరు జీపీఓలను పోల్చడానికి కుదరదు. దానికి ఎనలైజర్ ఉంది.

పాలసీ ఎనలైజర్‌లో పోల్చడం

తెరవగానే యాడ్ నొక్కి, ఫైల్ మెనూలో జీపీఓల నుంచి ఫైళ్లు చేర్చే ఆప్షన్ ఎంచుకుని, ఇందాక తీసిన బ్యాకప్ ఫోల్డర్ చూపించండి. జాబితాలో జీపీఓలన్నీ పేర్లతో వస్తాయి. మీకు కావలసినవి ఉంచి మిగతావి తీసేసి, ఇంపోర్ట్ కొట్టి ఒక పేరు పెట్టి సేవ్ చేయండి. అదొక సెట్. ఇదే తీరులో బేస్‌లైన్‌ను ఇంకో సెట్‌గా చేర్చండి. రెండింటి పక్కనా టిక్ పెట్టి వ్యూ/కంపేర్ నొక్కితే ఒక పెద్ద పట్టిక తెరుచుకుంటుంది.

విలువల్లో తేడా ఉన్న గడి పసుపు రంగులో ఉంటుంది. ఒక సెట్‌లో ఉండి ఇంకో సెట్‌లో అసలు లేకపోతే ఆ గడి బూడిద రంగులో ఉంటుంది. వరుస మీద నొక్కితే కింద ఆ సెట్టింగ్ ఎడిటర్‌లో ఎక్కడుందో, ఏ జీపీఓ నుంచి వచ్చిందో చూపిస్తుంది. వ్యూ మెనూలో తేడాలు మాత్రమే చూపించమని చెప్పి, ఎక్సెల్‌కు పంపించుకోండి. అక్కడి నుంచి మీ పని ఎక్సెల్‌లోనే.

దీనికి రెండు లోపాలున్నాయి. ఒకే సెట్‌లో ఐదు జీపీఓలు చేర్చితే వాటిలో ఏది గెలుస్తుందో ఎనలైజర్‌కు తెలియదు, ఎందుకంటే లింకుల వరుస దాని దగ్గర లేదు. రెండు విలువలున్నాయని చెబుతుంది, అంతే. ఇక ప్రిఫరెన్సెస్ కింద పెట్టినవి, అంటే డ్రైవ్ మ్యాపింగ్‌లు, షెడ్యూల్డ్ టాస్క్‌లు వంటివి, ఇందులో కనిపించవు. వాటికి ఎక్స్‌ఎంఎల్ రిపోర్టే దిక్కు.

తేడాలను చదవడం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. పోయినసారి నాకు వచ్చిన ఎక్సెల్‌లో కొన్ని వందల వరుసలున్నాయి, నిజంగా పట్టించుకోవలసినవి ఇరవై కూడా లేవు. వడపోత తెలియాలి.

నాట్ కాన్ఫిగర్డ్ అంటే డిసేబుల్డ్ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. డిసేబుల్డ్ అంటే వద్దని గట్టిగా చెప్పడం. నాట్ కాన్ఫిగర్డ్ అంటే ఈ జీపీఓ నోరు విప్పలేదని. అప్పుడు వేరే జీపీఓ చెప్పింది నడుస్తుంది. ఎవరూ చెప్పకపోతే విండోస్ తన సొంత డిఫాల్ట్‌తో పోతుంది. ఆ డిఫాల్ట్ విండోస్ వెర్షన్‌ను బట్టి మారొచ్చు కూడా. కాబట్టి బూడిద గడి చూడగానే "లేదు" అని రాసుకోకండి, "చెప్పలేదు" అని రాసుకోండి.

పేర్లలో ఇంకో తిరకాసు. చాలా సెట్టింగ్‌ల పేరే "టర్న్ ఆఫ్" అని మొదలవుతుంది. దాన్ని ఎనేబుల్ చేస్తే ఆ సౌకర్యం ఆగిపోతుంది, డిసేబుల్ చేస్తే నడుస్తుంది. రాత్రి తొమ్మిదింటికి అలసిపోయి చదివితే ఎవరైనా తిరగేసి అర్థం చేసుకుంటారు. ఎక్సెల్‌లో ఒక కాలమ్ పెట్టి "చివరికి జరిగేది" అని తెలుగులోనే రాసుకోండి. నేను అలాగే చేస్తాను.

యూజర్ రైట్స్ దగ్గర ఒక వైపు అడ్మినిస్ట్రేటర్స్ అనీ, ఇంకో వైపు ఎస్-1-5-32-544 అనీ ఉండొచ్చు. రెండూ ఒకటే గ్రూపు. పేర్ల వరుస మారినా తేడా కాదు. రిపోర్టులో ఎక్స్‌ట్రా రిజిస్ట్రీ సెట్టింగ్స్ అనే శీర్షిక కనిపిస్తే ఎవరో దొంగచాటుగా రిజిస్ట్రీ మార్చారని భయపడొద్దు. సాధారణంగా ఆ సెట్టింగ్‌కు సంబంధించిన ఏడీఎంఎక్స్ ఫైలు (సెట్టింగ్‌ల పేర్లను కన్సోల్‌కు చెప్పేది) మీ సెంట్రల్ స్టోర్‌లో లేకపోవడమే కారణం.

అన్నిటికంటే మోసం చేసేది మాత్రం, తేడా లేదని చూపించే పట్టిక. స్క్రీన్ లాక్ సంగతే తీసుకోండి. సెక్యూరిటీ ఆప్షన్స్‌లో మెషిన్ ఇనాక్టివిటీ లిమిట్ అని ఉంటుంది. అది కంప్యూటర్ వైపు సెట్టింగ్, సెకన్లలో ఇస్తాం, పదిహేను నిమిషాలకు 900. యూజర్ వైపు పర్సనలైజేషన్ కింద స్క్రీన్ సేవర్ టైమవుట్, దానికి పాస్‌వర్డ్ అడగడం అని రెండు వేరే సెట్టింగ్‌లున్నాయి. ఒక జీపీఓలో మొదటిది 900, ఇంకో జీపీఓలో స్క్రీన్ సేవర్ టైమవుట్ 600 ఉంటే ఏ టూల్ కూడా పసుపు రంగు చూపించదు, ఎందుకంటే దాని దృష్టిలో అవి వేర్వేరు సెట్టింగ్‌లు. కుర్చీలో కూర్చున్న మనిషికి మాత్రం పది నిమిషాలకే తెర మూసుకుపోతుంది. అందుకే ముఖ్యమైన విషయాలకు, లాక్, పాస్‌వర్డ్, ఫైర్‌వాల్, యూఎస్‌బీ వంటి వాటికి, సెట్టింగ్ పేరుతో కాకుండా జరగాల్సిన పనిని బట్టి వెతకండి.

సిస్టమ్‌కు ఏమి చేరింది?

ఇప్పుడు కౌంటర్ల దగ్గరికి వెళ్దాం. పనిచేసే సిస్టమ్‌లోనూ పనిచేయని సిస్టమ్‌లోనూ కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి జీపీరిజల్ట్, స్లాష్ హెచ్, ఫైలు పేరు అని ఇవ్వండి. అడ్మినిస్ట్రేటర్‌గా తెరవకపోతే కంప్యూటర్ భాగం రాదు. అది చూసి "కంప్యూటర్ పాలసీలే రావట్లేదు" అని టెన్షన్ పడి ఫోన్ చేసినవాళ్లున్నారు. ఆర్‌ఎస్‌ఓపీ డాట్ ఎంఎస్‌సీ పాతకాలం అలవాటు, విస్టా తర్వాత అది అన్ని సెట్టింగ్‌లూ చూపించదు, వదిలేయండి.

రెండు రిపోర్టులనూ బ్రౌజర్‌లో పక్కపక్కన పెట్టండి. సెట్టింగ్‌ల దాకా వెంటనే పోవద్దు. ముందు ఏ డీసీ నుంచి తీసుకుంది, ఎప్పుడు తీసుకుంది అన్నవి చూడండి. ఆ తర్వాత వర్తించిన జీపీఓల జాబితా, వర్తించని జీపీఓల జాబితా చూడండి. రెండో జాబితాలో ప్రతిదాని పక్కనా కారణం రాసి ఉంటుంది: సెక్యూరిటీ ఫిల్టరింగ్ (ఏ గ్రూపుకు వర్తించాలో చెప్పేది) ఆపిందా, డబ్ల్యూఎంఐ ఫిల్టర్ (సిస్టమ్ వివరాలను బట్టి వడకట్టేది) ఆపిందా, లింకే ఆఫ్‌లో ఉందా, జీపీఓ ఖాళీగా ఉందా అని. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. మిగిలితే ఒక్కో సెట్టింగ్ ఎదురుగా విన్నింగ్ జీపీఓ అనే కాలమ్ ఉంటుంది, అది రెండు వైపులా ఒకటేనా అని చూడండి.

మా రెండో కౌంటర్ కథ వర్తించని జాబితాలోనే దొరికింది. సెక్యూరిటీ ఫిల్టరింగ్ వల్ల యాక్సెస్ డినైడ్ అని ఉంది. ఆ సిస్టమ్ కొత్తగా మార్చింది. దాని అకౌంట్‌ను ఆ జీపీఓకు సంబంధించిన గ్రూపులో ముందు రోజే చేర్చాం. కానీ కంప్యూటర్‌కు కొత్త గ్రూపు సంగతి రీస్టార్ట్ చేస్తేనే తెలుస్తుంది. కౌంటర్లో ఉండే ఆవిడ సాయంత్రం మానిటర్ స్విచ్ ఆపి వెళ్లారు, సిస్టమ్ రాత్రంతా నడుస్తూనే ఉంది. పాలసీలను వెంటనే తెచ్చుకోమనే జీపీఅప్‌డేట్ కమాండ్ ఎన్నిసార్లు కొట్టినా ఎక్కడి గొంగళి అక్కడే. రీస్టార్ట్ చేశాక పదిహేను నిమిషాలకు లాక్ పడింది. ఆడిటర్ అప్పటికే వెళ్లిపోయారనుకోండి.

ఫిల్టరింగ్ మాట వచ్చింది కాబట్టి: 2016 జూన్‌లో వచ్చిన ఎంఎస్16-072 అప్‌డేట్ తర్వాత విండోస్ యూజర్ పాలసీలను కూడా కంప్యూటర్ అకౌంట్ పేరు మీదే తెచ్చుకుంటుంది. ఫిల్టరింగ్ నుంచి ఆథెంటికేటెడ్ యూజర్స్‌ను తీసేసి మీ గ్రూపు మాత్రమే పెడితే యూజర్ పాలసీ చేరదు. డెలిగేషన్ ట్యాబ్‌లో డొమైన్ కంప్యూటర్స్‌కు రీడ్ ఇవ్వాలి. ఇన్నేళ్లయినా ఇప్పటికీ ఇందులో పడేవాళ్లు ఉన్నారు.

కొత్తగా మార్చిన సెట్టింగ్ అయితే కాస్త ఓపిక పట్టండి. మామూలు సిస్టమ్‌లు 90 నిమిషాలకు ఒకసారి, దానిమీద 30 నిమిషాల దాకా అదనంగా కలిపి తెచ్చుకుంటాయి. డీసీలు ఐదు నిమిషాలకోసారి. టెర్మినల్ సర్వర్‌లలో యూజర్ సెట్టింగ్‌లు వింతగా కనిపిస్తే లూప్‌బ్యాక్ (సిస్టమ్ ఉన్న ఓయూను బట్టి యూజర్ సెట్టింగ్‌లు ఇచ్చే పద్ధతి) ఆన్‌లో ఉందేమో చూడండి.

నిజంగా అమలవుతున్నదేమిటి?

రిపోర్టులో అన్నీ సరిగ్గా ఉన్నా సిస్టమ్ వేరే మాట చెప్పే చోట్లు కొన్ని ఉన్నాయి. వీటిని సిస్టమ్‌నే అడగాలి.

పాస్‌వర్డ్ పాలసీ మొదటిది. ఓయూకు లింక్ చేసిన జీపీఓలో పాస్‌వర్డ్ పొడవు 14 అని పెడితే, అది ఆ ఓయూలోని సిస్టమ్‌ల లోకల్ అకౌంట్‌లకే వర్తిస్తుంది. డొమైన్ యూజర్‌లకు డొమైన్ స్థాయిలో లింక్ చేసిందే లెక్క. సర్వర్ 2008 నుంచి ఫైన్-గ్రెయిన్డ్ పాలసీలు (ఒక్కో గ్రూపుకు వేరే పాస్‌వర్డ్ నియమాలు) కూడా ఉన్నాయి, అవి జీపీఓలో ఉండవు కాబట్టి మీ పట్టికలో అసలు కనిపించవు. నెట్ అకౌంట్స్ కొడితే ఆ సిస్టమ్ లోకల్ సంగతి చెబుతుంది, వెనక స్లాష్ డొమైన్ పెడితే డొమైన్ సంగతి చెబుతుంది. రెండూ తీసుకోండి.

ఆడిట్ పాలసీ రెండోది. పాత తొమ్మిది విభాగాల పద్ధతి, కొత్త అడ్వాన్స్‌డ్ పద్ధతి రెండూ కలిపి వాడితే ఏది నడుస్తోందో జీపీఓ చూసి చెప్పలేం. ఆడిట్‌పోల్ స్లాష్ గెట్, స్లాష్ కేటగిరీ, స్టార్ కొట్టి వచ్చిందే ఖాయం చేసుకోండి.

ఇంట్యూన్ (క్లౌడ్ నుంచి సిస్టమ్‌లను అదుపు చేసే మైక్రోసాఫ్ట్ సేవ) కూడా వాడుతుంటే మూడో తలనొప్పి. ఒకే సెట్టింగ్‌ను గ్రూప్ పాలసీ ఒక రకంగా, ఇంట్యూన్ ఇంకో రకంగా చెబితే మామూలుగా గ్రూప్ పాలసీదే పైచేయి. విండోస్ 10 1803 నుంచి దీన్ని తిరగేసే సెట్టింగ్ ఒకటి ఉంది, ఎవరైనా దాన్ని ఆన్ చేశారేమో చూడండి. అదీ పాలసీ సీఎస్‌పీ (ఇంట్యూన్ సెట్టింగ్‌లు విండోస్‌లోకి వచ్చే ఒక దారి) కిందికి వచ్చేవాటికే వర్తిస్తుంది.

ఇక మిగతావాటికి పాలసీ ఎనలైజర్ నాలుగో వెర్షన్‌లో ఎఫెక్టివ్ స్టేట్‌తో పోల్చే బటన్ ఉంది. మీ సెట్‌ను ఆ సిస్టమ్‌లోనే తెరిచి నొక్కితే, రాసింది ఒక పక్క, ఆ యంత్రంలో ఉన్నది ఇంకో పక్క కనిపిస్తాయి. శాఖకు ఒక్క సిస్టమ్ చొప్పున చూసినా చాలు.

కాపీలు జాగ్రత్త, అందులో పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు

బ్యాకప్ ఫోల్డర్‌లోని ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో సీపాస్‌వర్డ్ అనే మాట కోసం ఒకసారి వెతకండి. ఒకప్పుడు ప్రిఫరెన్సెస్‌లో లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టే వీలుండేది. దాన్ని విప్పే తాళంచెవి మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది కాబట్టి ఎవరైనా చదివేయొచ్చు. 2014 మేలో వచ్చిన ఎంఎస్14-025 కొత్తవి పెట్టకుండా ఆపింది, పాతవాటిని మాత్రం తుడవలేదు. దొరికితే ఆ ఎంట్రీ తీసేయడమే కాదు, ఆ పాస్‌వర్డ్ వాడుకలో ఉన్న ప్రతిచోటా మార్చాలి. కాపీలన్నీ అడ్మిన్‌లు మాత్రమే తెరవగలిగే ఫోల్డర్‌లో ఉంచండి, మెయిల్‌లో పంపకండి.

సరిదిద్దడం

తేడాలన్నీ ఒకేసారి సరిచేయాలని కూర్చోకండి. డిఫాల్ట్ డొమైన్ పాలసీలో వేలు పెట్టకుండా కొత్త జీపీఓ చేయండి, నాలుగైదు సిస్టమ్‌లున్న టెస్ట్ ఓయూకు లింక్ చేయండి, రెండు మూడు రోజులు వాడనివ్వండి. అకౌంట్స్ విభాగంలో ఒక సిస్టమ్ టెస్ట్‌లో తప్పక ఉండేలా చూసుకోండి. పాత సాఫ్ట్‌వేర్ ఏదైనా ఇరుక్కుంటే అక్కడే ఇరుక్కుంటుంది.

ఎక్సెల్‌లో "ఎందుకు" అనే కాలమ్ ఒకటి పెట్టండి. బేస్‌లైన్‌కు భిన్నంగా ఉన్న ప్రతి వరుసకూ కారణం, అడిగినవారి పేరు, తేదీ రాయండి. కారణం దొరకని వరుసలను ఖాళీగానే వదిలి, వాటిని పట్టుకుని విభాగాల చుట్టూ తిరగండి. మా దాంట్లో ఒక పాత నెట్‌వర్క్ ప్రోటోకాల్‌ను తెరిచి ఉంచిన వరుస ఒకటి అలా ఖాళీగా చాలా రోజులుంది. చివరికి స్టోర్స్‌లో పెద్దాయన చెప్పారు, అది ఒక స్కానర్ కోసం పెట్టారని. స్కానర్ ఏదండీ అంటే, "పాతసామాన్లకు వేసేశాం కదా బాబూ" అన్నారు. ఆ సాయంత్రమే ఆ సెట్టింగ్ మూసేసి, కొత్త తేదీతో ఇంకో బ్యాకప్ తీశాను.